కళ్లం నుంచి కార్పొరేట్ దాకా: ఇంగ్లిష్‌లో బైబిల్ పలుకుబడులు

"మా పాపకి మంచి టాలెంట్ ఉంది" అనే మాట వినిపించని తెలుగు ఇల్లు ఇవాళ అరుదు. ఆదివారం పూట ఏ పల్లెటూరి చర్చికి వెళ్లినా, దేవుడిచ్చిన తలాంతును వాడుకోమని పాస్టరు చెబుతూ ఉంటాడు. టాలెంట్, తలాంతు వేరువేరు మాటలు కావు. రెండూ ఒకే గ్రీకు మాట నుంచి, ఒకే కథ గుండా మన దాకా వచ్చాయి. ఆ కథ మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఉంది. దూరప్రయాణం వెళ్తున్న యజమాని తన దాసుల్లో ఒకడికి ఐదు తలాంతులు, ఒకడికి రెండు, ఇంకొకడికి ఒకటి అప్పజెప్పి వెళ్తాడు. మొదటి ఇద్దరూ వ్యాపారం చేసి సొమ్మును రెట్టింపు చేస్తారు. మూడోవాడు భయపడి గొయ్యి తీసి పాతిపెడతాడు.

ఆ రోజుల్లో తలాంతు అంటే నేర్పు కాదు, ఒక తూకం. ఆ తూకానికి సరిపడే వెండి అన్నమాట. దాని విలువ దాదాపు 6,000 దీనారాలు. ఒక దీనారం ఒక కూలీకి ఒక రోజు కూలి. అంటే ఒక్క తలాంతు ఒక మనిషి ఇరవై ఏళ్ల రెక్కల కష్టం. మధ్యయుగాల్లో యూరప్ ఉపదేశకులు ఈ కథను పదే పదే చెబుతూ, ఆ సొమ్మంటే దేవుడు మనిషికిచ్చిన శక్తియుక్తులేనని వివరించారు. క్రమంగా ఆ వివరణే మాటకు అర్థమై కూర్చుంది, తూకం మరుగున పడింది. ఇవాళ టీవీలో టాలెంట్ షో చూసేవాళ్లకు ఆ పేరు వెనక ఒక కూలీ జీవితమంత వెండి ఉందని తట్టదు.

ఇలాంటి మాటలు ఇంగ్లిష్‌లో వందల్లో ఉన్నాయి. పోటీ పరీక్షల గైడ్లు వీటిని పట్టికలుగా వేసి, పక్కన ఒక్క ముక్కలో అర్థం రాసి వదిలేస్తాయి. మన పిల్లలు వాటిని బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటున్నారు. అయితే ఆ ఒక్క ముక్కలో దొరికేది సగం అర్థమే. మిగతా సగం రెండు మూడు వేల ఏళ్ల కిందటి పొలాల్లో, కళ్లాల్లో, అంగళ్లలో, సైనికుల మూటల్లో ఉంది. పొలం, కాడి, కళ్లం, వెట్టి తెలిసిన తెలుగువాడికి ఆ రెండో సగం అందుకోవడం లండన్ నగరవాసి కంటే సులువని నా నమ్మకం. ఆ దారిలోనే ఈ పలుకుబడులను పరిశీలిద్దాం.

ఎవరి చేతి చలవ?

ఇంగ్లిష్‌కు ఇన్ని పలుకుబడులు ఇచ్చింది 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్ అని చాలా పుస్తకాలు చెబుతాయి. అందులో నిజం ఉంది కానీ పూర్తి నిజం లేదు. భాషాశాస్త్రవేత్త డేవిడ్ క్రిస్టల్ ఆ గ్రంథాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా జల్లెడ పట్టి, 2010లో 'బిగాట్' అనే పుస్తకం రాశాడు. నేటి ఇంగ్లిష్‌లో జీవించి ఉన్న పలుకుబడులు ఆయనకు 257 దొరికాయి. వాటిలో కింగ్ జేమ్స్ బైబిల్‌కే ప్రత్యేకమైన పదాల కూర్పు ఉన్నవి 18 మాత్రమే. తక్కినవన్నీ అంతకు ముందటి అనువాదాల్లో ఏదో ఒకదానిలో ఉన్నవే. 1604లో మొదలైన ఆ పనిలో పాల్గొన్న 47 మంది పండితులు కొత్త మాటలు పుట్టించడం కంటే ఉన్నవాటిలో మంచివి ఏరి కూర్చడంలోనే ఎక్కువ నేర్పు చూపారు.

అసలు గౌరవం దక్కాల్సింది విలియం టిండేల్‌కు. అప్పట్లో ఇంగ్లండ్‌లో బిషప్ అనుమతి లేకుండా బైబిల్‌ను ఇంగ్లిష్‌లోకి తేవడం నేరం. లండన్ బిషప్‌ను అడిగి కాదనిపించుకున్న టిండేల్ 1524లో దేశం విడిచి జర్మనీ వెళ్లాడు. 1526లో వార్మ్స్ నగరంలో ఆయన కొత్త నిబంధన అచ్చయింది. ప్రతులు సరుకుల మధ్య దాగి ఓడల్లో ఇంగ్లండ్ చేరాయి. దొరికినవాటిని లండన్‌లో తగలబెట్టారు. 1530లో పాత నిబంధనలోని మొదటి ఐదు కాండాలను నేరుగా హీబ్రూ నుంచి అనువదించి వెలువరించాడు. 1535లో ఆంట్‌వర్ప్‌లో పట్టుబడ్డాడు. 1536 అక్టోబరులో బ్రస్సెల్స్ దగ్గరి విల్వోర్డ్‌లో ఉరి బిగించి చంపి, దేహాన్ని కాల్చేశారు. 'ది పవర్స్ దట్ బీ' అంటూ ఇంగ్లిష్ పత్రికలు ఇప్పటికీ ఏలినవారిని ప్రస్తావిస్తాయి. ఆ మాట కూర్చింది ఆయనే. 'సాల్ట్ ఆఫ్ ది ఎర్త్', 'సైన్స్ ఆఫ్ ది టైమ్స్', 'ఫైట్ ది గుడ్ ఫైట్' కూడా ఆయన చేతి మీదుగా ఇంగ్లిష్‌లో స్థిరపడ్డవే.

1998లో జాన్ నీల్సన్, రాయల్ స్కౌసెన్ అనే పరిశోధకులు నమూనా భాగాలు తీసుకుని మాట మాటా లెక్కగట్టారు. కింగ్ జేమ్స్ కొత్త నిబంధనలో దాదాపు 84 శాతం, టిండేల్ అనువదించిన పాత నిబంధన భాగాల్లో దాదాపు 76 శాతం ఆయన మాటలేనని తేలింది. ఆయన తర్వాత 1535లో తొలి సంపూర్ణ ఇంగ్లిష్ బైబిల్ అచ్చువేసిన మైల్స్ కవర్‌డేల్, 1560లో జెనీవా బైబిల్ తెచ్చిన ప్రవాస పండితులు తమ వంతు కలిపారు. రాజుగారి పేరు గ్రంథానికి దక్కింది. ప్రాణమిచ్చినవాడి మాటలు జనం నోట నిలిచాయి.

అవి నిలవడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, ఆ బైబిల్ చదివిన గ్రంథం కంటే విన్న గ్రంథం. మూడు వందల ఏళ్లకు పైగా చర్చిలో, బడిలో, ఇంటి అరుగు మీద అదే పాఠం పెద్దగా చదివారు, అదే విన్నారు. రెండోది, టిండేల్ పట్టిన పద్ధతి. హీబ్రూ నడక లాటిన్ కంటే ఇంగ్లిష్‌కు ఎంతో బాగా అమరుతుందని ఆయన గట్టిగా నమ్మాడు. అందుకే హీబ్రూ పలుకుబడి వింతగా ఉన్నా చదును చేయకుండా ఉన్నదున్నట్టు దించాడు. తర్వాతివాళ్లూ అదే బాటలో నడిచారు.

దీనికి మంచి ఉదాహరణ యోబు గ్రంథం 19వ అధ్యాయంలో ఉంది. సర్వం కోల్పోయిన యోబు తాను 'పళ్ల చర్మం'తో తప్పించుకున్నానంటాడు. పళ్లకు చర్మమేమిటి? నాలుగో శతాబ్దంలో మొదలుపెట్టి లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్‌కు అది మింగుడుపడక, పళ్ల చుట్టూ పెదవులు మాత్రమే మిగిలాయని సర్ది రాశాడు. జెనీవా పండితులు సర్దలేదు. హీబ్రూలో ఉన్నట్టే 'స్కిన్ ఆఫ్ మై టీత్' అని రాశారు. దాని భావం గురించి పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. జనం మాత్రం, లేని చర్మమంత సన్నని తేడాతో గట్టెక్కడం అని తీసుకున్నారు. తెలుగులో ఇదే సందర్భానికి 'వెంట్రుకవాసిలో' అంటాం. మనం వెంట్రుకతో కొలిచిన తేడాను వాళ్లు పంటిచర్మంతో కొలిచారు.

ఒక మేక కథ

టిండేల్ పుట్టించిన మాటల్లో అన్నిటికంటే దూరం వెళ్లింది 'స్కేప్‌గోట్'. తెలుగు పత్రికలు దీన్ని ఎప్పుడూ 'బలిపశువు' అని రాస్తాయి. ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే స్కేప్‌గోట్ బలి కాని మేక.

లేవీయకాండం 16వ అధ్యాయం ఏటా వచ్చే ప్రాయశ్చిత్త దినాన్ని వర్ణిస్తుంది. ప్రధాన యాజకుడి ఎదుట రెండు మేకలను నిలబెట్టి చీట్లు వేస్తారు. ఒక చీటీ దేవుడి పేర వస్తుంది. ఆ మేకను వధిస్తారు. రెండో చీటీ 'అజాజేల్' పేర వస్తుంది. ఆ మేక తల మీద యాజకుడు రెండు చేతులూ ఉంచి జనం చేసిన పాపాలన్నీ చెప్పుకుంటాడు. తర్వాత ఒక మనిషి దాన్ని తోలుకుపోయి ఎడారిలో వదిలేస్తాడు. ఊరి పాపమంతా ఆ నోరులేని జీవంతోపాటు పొలిమేర దాటిపోతుంది. కొండ అంచుకు తీసుకెళ్లి తోసేసేవారని తర్వాతి కాలపు యూదు గ్రంథం మిష్నా చెబుతుంది. లేవీయకాండంలో మాత్రం దాన్ని ప్రాణంతోనే వదులుతారు.

అజాజేల్ అంటే ఏమిటన్నది పాత చిక్కు. ఎడారిలో తిరిగే దుష్టశక్తి పేరని కొందరు, ఒక చోటు పేరని కొందరు అంటారు. ఆ మాటను విడదీస్తే 'వెళ్లిపోయే మేక' అనే అర్థం వస్తుందని మూడో వాదం. టిండేల్ మూడో దారి పట్టి, తప్పించుకోవడం అనే అర్థమున్న 'ఎస్కేప్' మాటను కుదించి మేకకు తగిలించాడు. ఇప్పటి అనువాదాలు చాలావరకు అజాజేల్ అనే రాస్తాయి. కానీ స్కేప్‌గోట్ అప్పటికే బైబిల్ గడప దాటి లోకంలో పడింది. ఇతరుల తప్పుకు నింద మోసేవాడు అనే అర్థం 19వ శతాబ్దంలో స్థిరపడింది.

బలిపశువు ప్రాణం పోగొట్టుకుంటుంది. స్కేప్‌గోట్ ఊరిని పోగొట్టుకుంటుంది. ఒక ప్రాజెక్టు చెడిపోతే పై అధికారులంతా కూడబలుక్కుని కింది ఉద్యోగి మీద నెపం వేసి సాగనంపడం స్కేప్‌గోట్ చేయడమే. అందులోని బాధ చావు కాదు, వెలి. మన పల్లెల్లోనూ దేవుడి పేర ముద్రవేసి ఊరి మీద వదిలిన జంతువు ఉండేది. అదే అచ్చోసిన ఆంబోతు. దాన్ని ఎవరూ అదిలించరు గనుక అడ్డూ అదుపూ లేనివాడికి అది పోలికైంది. రెండు సమాజాలూ జంతువును వదిలాయి. ఒకచోట నింద మోస్తూ పోయింది, ఒకచోట ఇష్టారాజ్యంగా తిరిగింది. 'బలిపశువు' అని అనువదించడం తప్పని నేననను. ఆ మాట వాడేటప్పుడు ఎడారిలో ఒంటరిగా నడుస్తున్న ఆ రెండో మేక మన కళ్లముందు ఉండాలనే నా ఆరాటం.

రెండో మైలు

'గో ది ఎక్స్‌ట్రా మైల్' అనే మాట హైదరాబాద్ హైటెక్ సిటీ ఆఫీసుల్లో రోజూ వినిపిస్తుంది. అడిగినదానికంటే కాస్త ఎక్కువ పనిచేయమని దాని భావం. దీని పుట్టుక మత్తయి 5వ అధ్యాయంలో యేసు చెప్పిన కొండమీది ప్రసంగంలో ఉంది. ఎవరైనా ఒక మైలు రమ్మని బలవంతం చేస్తే రెండు మైళ్లు వెళ్లమని ఆ బోధ సారం.

ఇక్కడ కీలకం బలవంతం. రోమన్ల ఏలుబడిలో దారిన పోయే రైతునో కూలీనో ఆపి తమ సామాన్లు మోయించుకునే హక్కు సైనికులకు ఉండేది. దానికి గ్రీకులో వాడిన క్రియ పారశీక రాజుల వార్తాహరుల వ్యవస్థ నుంచి వచ్చింది. ఆ వార్తాహరులు కనిపించిన మనిషినీ గుర్రాన్నీ పనికి పట్టుకోగలిగేవారు. యేసు సిలువను మోయమని కురేనీయుడైన సీమోనును సైనికులు పట్టుకున్న చోట కూడా మత్తయి ఇదే క్రియ వాడాడు.

ఈ పనికి తెలుగులో సరైన మాట ఉంది: వెట్టి. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో ఊరికి వచ్చిన అధికారి మూటలు మోయడం, దొర గడీకి పైసా కూలి లేకుండా చాకిరీ చేయడం ఎలా ఉండేదో మన పెద్దలకు తెలుసు. ఆ జ్ఞాపకం ఉన్నవాడికే రెండో మైలు బరువేమిటో అర్థమవుతుంది. మొదటి మైలు సైనికుడి హుకుం. రెండో మైలు మోసేవాడి సొంత నిర్ణయం. బలవంతపెట్టినవాడు ఆ క్షణంలో అధికారం కోల్పోయి అయోమయంలో పడతాడు. అణచివేతకు లొంగని మనిషి గౌరవం ఆ మాటలో ఉంది. అదే మాటను జీతం పెంచకుండా గంటలు పెంచడానికి వాడితే, అది మొదటి మైలునే పొడిగించడం అవుతుంది.

మన వాకిట్లోని వస్తువులు

ఎంతో ఇష్టమైనవాళ్లను ఇంగ్లిష్‌లో 'ది ఆపిల్ ఆఫ్ ది ఐ' అంటారు. ద్వితీయోపదేశకాండం 32వ అధ్యాయం దీనికి మూలం. హీబ్రూలో అక్కడ ఆపిల్ పండు లేదు. ఉన్నది 'ఈషోన్', అంటే కంటిలోని చిన్న మనిషి. ఎదుటివాడి కంట్లోకి దగ్గరగా చూస్తే, నల్లగుడ్డులో మన బొమ్మే బుల్లిగా కనిపిస్తుంది. ఆ బొమ్మే ఈ చిన్న మనిషి. లాటిన్‌లో దాన్ని చిన్నారి బొమ్మ అన్నారు. ఇంగ్లిష్ 'ప్యూపిల్' అక్కడి నుంచి వచ్చింది. సంస్కృతం కనీనిక అంది. అందులోనూ ఉన్నది చిన్నపిల్లే. తెలుగు కంటిపాప అంది. కంటిపాపను గుండ్రని పండులా ఊహించిన పాత ఇంగ్లిష్ మాత్రం దాన్ని ఆపిల్ అని పిలిచేది. అనువాదకులు ఆ వాడుక మాటనే రాశారు. తర్వాత కంటిపాపకు ఆ పేరు చెరిగిపోయి, పలుకుబడిలో ఆపిల్ ఒక్కటే మిగిలింది. తెలుగు బైబిల్ ఇదే చోట 'కనుపాప' అని రాసింది. అంటే హీబ్రూ మూలానికి ఇంగ్లిష్ కంటే తెలుగే దగ్గరగా నిలిచింది.

'కిక్ ఎగెనెస్ట్ ది ప్రిక్స్' అనే మాట ఇప్పటి ఇంగ్లిష్ పాఠకులకు అర్థం కావడం కష్టం. ఎద్దును తోలే ముల్లుకర్రను వాళ్లు చూసి ఎరుగరు. అపొస్తలుల కార్యాల్లో సౌలుకు వినిపించిన మాట అది. ముల్లుకర్రను ఎదురు తన్నిన ఎద్దుకు ముల్లు మరింత లోతుగా దిగుతుంది. తెలుగు బైబిల్ దీన్ని 'మునికోల' అని రాసింది. అరక దున్నినవాళ్లకు ఇక వివరణ అక్కర్లేదు. ఈ సామెత బైబిల్ కంటే ముందే, క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దపు గ్రీకు నాటకకర్తలు ఈస్కిలస్, యూరిపిడీస్ రచనల్లో ఉంది. బైబిల్ పలుకుబడి అనుకున్న ప్రతిదీ బైబిల్లోనే పుట్టిందనుకోకూడదని ఇది గుర్తుచేస్తుంది.

కళ్లంలో తూర్పార పట్టడం ఇంకో మంచి సాక్ష్యం. గాలి వాటున ధాన్యం ఎగరబోస్తే పొల్లు పక్కకు కొట్టుకుపోతుంది, గింజ కాళ్ల దగ్గర పడుతుంది. మత్తయి 3వ అధ్యాయంలోని ఈ దృశ్యం నుంచే గోధుమ గింజనూ పొట్టునూ వేరుచేయడమనే ఇంగ్లిష్ పలుకుబడి బలపడింది. మంచీ చెడూ ఏరడం దాని అర్థం. మనమూ అదే కళ్లం నుంచి 'తూర్పారబట్టాడు' అనే మాట తెచ్చుకున్నాం కానీ, తీవ్రంగా విమర్శించడానికి వాడతాం. పని ఒక్కటే. ఇంగ్లిష్ చూపు మిగిలిన గింజ మీద పడింది, మన చూపు ఎగిరిపోయిన పొల్లు మీద పడింది.

పేర్లు, కథలు

శల్యసారథ్యం, త్రిశంకు స్వర్గం, భగీరథ ప్రయత్నం, కుంభకర్ణుడి నిద్ర లాంటివి లేకుండా తెలుగులో వ్యాసం రాయడం కష్టం. పురాణాలు తెలుగుకు చేసిన పనే బైబిల్ కథలు ఇంగ్లిష్‌కు చేశాయి. ఓర్పుకు యోబు, తెలివికి సొలొమోను, 969 ఏళ్లు బతికిన మెతూషెల దీర్ఘాయువుకు, దావీదు గొల్యాతులు ఎదురులేనివాడితో తలపడ్డ చిన్నవాడికి గుర్తులయ్యారు. కథ తెలిస్తే ఇవి సులువుగానే అర్థమవుతాయి. రెండు మాత్రం కాస్త లోతైనవి.

'రైటింగ్ ఆన్ ది వాల్' దానియేలు 5వ అధ్యాయం నుంచి వచ్చింది. బబులోను రాజు బెల్షస్సరు విందులో ఉండగా ఒక మనిషి చెయ్యి కనిపించి గోడ మీద మెనే, మెనే, టెకేల్, ఉఫార్సీన్ అని రాస్తుంది. చూస్తే ఇవి తూకాల పేర్లు: మినా, షెకెల్, సగం మినా. మన మణుగు, వీసె, తులం లాంటివి. ఆస్థాన పండితులెవరూ అర్థం చెప్పలేకపోతారు. దానియేలు ఆ పేర్లను క్రియలుగా విప్పి చెబుతాడు: లెక్క ముగిసింది, తూచితే తక్కువ తూగావు, రాజ్యం పంపకమైపోయింది. క్రీస్తుపూర్వం 539లో బబులోను పారశీకుల వశమైంది. మనం తలరాత అంటాం. అది నుదుట ఉంటుంది, ఎవరికీ కనిపించదు. ఇది అందరి కళ్లముందూ ఉంటుంది, చదవగలిగేవాడే ఉండడు. ఈ పలుకుబడిలోని హెచ్చరిక అదే. ప్రమాదం కనిపించకపోవడం కాదు, కనిపిస్తున్నా చదవలేకపోవడం.

'షిబ్బోలెత్' న్యాయాధిపతుల గ్రంథం 12వ అధ్యాయంలోని మాట. యుద్ధంలో ఓడి పారిపోతున్న ఎఫ్రాయిమీయులను యొర్దాను రేవుల దగ్గర గిలాదువాళ్లు ఆపి ఈ మాట పలకమన్నారు. వెన్ను అని గానీ ఏరు అని గానీ దాని అర్థం. అర్థంతో వాళ్లకు పనిలేదు. 'షి' పలకలేక 'సి' అన్నవాణ్ని అక్కడే నరికారు. చచ్చినవాళ్లు 42,000 మంది అని గ్రంథం లెక్క చెబుతుంది. మనవాళ్లెవరో పైవాళ్లెవరో పట్టిచ్చే గుర్తుకు ఇంగ్లిష్‌లో ఇది పేరైంది. యాసను బట్టి మనిషిని తూచడం మనకు కొత్త కాదు. తెలంగాణ, ఉత్తరాంధ్ర, రాయలసీమ పలుకుబడులను తెర మీద దశాబ్దాల పాటు నవ్వులాటకు వాడుకున్నారు. ఒక్క అక్షరం దగ్గర మనిషి విలువ తేల్చడం ఎంత పాత క్రూరత్వమో ఈ కథ చెబుతుంది.

తరిగినవి, తిరగబడినవి

కాలం గడిచేకొద్దీ కొన్ని మాటల అంచు అరిగిపోయింది. 'గుడ్ సమరిటన్' అంటే ఇవాళ ఆపదలో ఆదుకునే దయగలవాడు. లూకా 10వ అధ్యాయంలోని కథ చెప్పేది అంతకంటే పదునైనది. యెరూషలేము నుంచి యెరికోకు పోయే దారిలో దొంగలు కొట్టి వదిలేసిన మనిషిని చూసి యాజకుడు, లేవీయుడు తప్పుకుపోతారు. ఆగి, గాయాలు కట్టి, సత్రంలో చేర్చి రెండు దీనారాలు కట్టినవాడు సమరయుడు. యూదులకూ సమరయులకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. విన్నవాళ్లను ఉలిక్కిపడేలా చేసింది ఆ దయ కాదు, అది వచ్చిన దిక్కు. ఈ మాటకు మన దేశంలో చట్టబద్ధమైన జీవితం కూడా ఉంది. రోడ్డు ప్రమాద బాధితులను ఆదుకునేవారిని వేధించకూడదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చి 30న ఆమోదముద్ర వేసింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం సెక్షన్ 134ఎ ద్వారా 'గుడ్ సమరిటన్'కు రక్షణ ఇచ్చింది.

'కంటికి కన్ను' అనే మాటను ఇప్పుడు పగకు వాడుతున్నారు. నిర్గమకాండంలోని ఆ నియమం పగను రెచ్చగొట్టడానికి కాదు, హద్దు పెట్టడానికి వచ్చిందన్నది చాలామంది పండితుల అభిప్రాయం. కన్ను పోతే కన్నుకు మించి అడగకూడదు, కన్నుకు బదులు ప్రాణం తీయకూడదు. 'స్ట్రెయిట్ అండ్ నారో' అంటే తిన్నని దారి అనుకుంటారు. మత్తయిలో ఉన్న మొదటి మాటకు తిన్నగా అనే అర్థం లేదు, ఇరుకు అని అర్థం. పాక్ జలసంధి ఇంగ్లిష్ పేరులో ఉన్న 'స్ట్రెయిట్' ఆ మాటే. ఒకే ఉచ్చారణ వల్ల అక్షరాలు మారాయి, వాటితో భావమూ మారింది. తెలుగు బైబిల్ మాత్రం 'ఇరుకు ద్వారం' అనే నిలుపుకుంది. డబ్బే అన్ని అనర్థాలకూ మూలమని పౌలు అన్నట్టు చెబుతారు. తిమోతికి రాసిన మొదటి లేఖలో ఆయన తప్పుపట్టింది డబ్బును కాదు, డబ్బు మీది వ్యామోహాన్ని. గొర్రెపిల్ల పక్కన సింహం పడుకున్న బొమ్మలు ఎన్నో చూస్తాం. యెషయా 11వ అధ్యాయంలో గొర్రెపిల్లతో ఉండేది తోడేలు.

అసలు బైబిల్‌లోనే లేనివి కూడా దాని ఖాతాలో చేరాయి. పరిశుభ్రత దైవభక్తికి పక్క మెట్టు అన్న మాట 18వ శతాబ్దంలో జాన్ వెస్లీ ప్రసంగాల ద్వారా ప్రసిద్ధమైంది. తనకు తాను సాయపడేవాడికే దేవుడు సాయపడతాడన్నది పాత గ్రీకు నీతి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పంచాంగం దాన్ని ఇంటింటికీ చేర్చింది. బెత్తం దాచుకుంటే బిడ్డ చెడతాడన్న మాటలో భావం సామెతల గ్రంథానిది, ఇప్పుడు వాడే కూర్పు 17వ శతాబ్దపు ఇంగ్లిష్ కవి శామ్యూల్ బట్లర్‌ది. ఒంటె సూది బెజ్జంలో దూరడమనే బైబిల్ పోలికకు కూడా లేని కథ ఒకటి చేరింది. సూది బెజ్జం అనేది యెరూషలేములోని ఒక చిన్న ద్వారం పేరని, ఒంటె మోకాళ్ల మీద దూరేదని చర్చిల్లో చెబుతారు. అలాంటి ద్వారం ఉండేదనడానికి ఆధారం లేదు. యూదుల తల్ముద్‌లో సూది బెజ్జంలో ఏనుగు దూరడమనే పోలిక ఉంది. అసాధ్యాన్ని అసాధ్యంగా చెప్పడమే ఆ మాట బలం.

రెండు చోట్లా ఒకే బొమ్మ

పోలిక కనిపించగానే అరువు అని తేల్చేయడం ఇంకో పొరపాటు. గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపడమన్న పోలిక మత్తయి 15వ అధ్యాయంలో ఉంది. కఠోపనిషత్తులోనూ ఉంది. మనుషులు ఎక్కడున్నా గుంటలు ఉన్నాయి, దారి తెలియని మార్గదర్శకులూ ఉన్నారు. గొర్రె తోలు కప్పుకున్న తోడేలుకు జవాబుగా మనకు మేకవన్నె పులి, గోముఖ వ్యాఘ్రం ఉన్నాయి. పందుల ముందు ముత్యాలు పోయవద్దని వాళ్లంటే, గాడిదకేం తెలుసు గంధం వాసన అని మనం అన్నాం. చిరుతపులి మచ్చలు మార్చుకోలేదని యిర్మీయా అంటే, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మన సామెత. అనువాదకుడు వీటిలో ప్రతిదానికీ తెలుగు సామెత తగిలించి చేతులు దులుపుకోవచ్చు. మూలంలోని దృశ్యమే కీలకమైన చోట, స్కేప్‌గోట్‌లా, రెండో మైలులా, అలా చేస్తే ప్రాణం పోతుంది.

ఆ తేడా ఎలా పట్టాలో మన తొలి బైబిల్ అనువాదకుల దగ్గర నేర్చుకోవచ్చు. 18వ శతాబ్దంలోనే బెంజమిన్ షుల్జ్ తెలుగు అనువాదానికి పూనుకున్నాడు. 1805లో విశాఖపట్నం చేరిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన పండితుడి సాయంతో సువార్తలను తెనిగించే పని సాగించారు. వాళ్ల తర్వాత ఎన్నో చేతులు ఆ పాఠాన్ని దిద్దుతూ వచ్చాయి. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న తెలుగు బైబిల్‌లో మత్తయి 5వ అధ్యాయం తెరిచి చూడండి. ధర్మశాస్త్రంలో అణువంత కూడా తప్పిపోదని చెప్పే చోట గ్రీకులో 'అయోటా' అనే అతి చిన్న అక్షరం, అక్షరం కొసన ఉండే చిన్న కొమ్ము ఉన్నాయి. ఇంగ్లిష్‌లో అది 'జాట్ అండ్ టిటిల్' అయింది. తెలుగు అనువాదకులు ఆ రెండింటి చోట 'పొల్లు', 'సున్న' అని రాశారు. తెలుగు లిపిలో అతి చిన్న గుర్తులు అవే. పొల్లు పోకుండా చెప్పడమనే మన నుడికారం కూడా అందులో పలికింది. అర్థం పోలేదు, దృశ్యం పోలేదు, తెలుగుదనం పోలేదు.

అందుకే ఇంగ్లిష్ నేర్పే ఉపాధ్యాయులకు, పత్రికల డెస్కుల్లో అనువాదాలు చేసే మిత్రులకు ఒక మనవి. ఇలాంటి పలుకుబడి ఎదురైనప్పుడు గైడులోని ఒక్క ముక్క అర్థంతో ఆగిపోకండి. అది వచ్చిన అధ్యాయాన్ని ఒకసారి తెలుగు బైబిల్‌లో చదవండి. ఏ మతం వారికైనా అది ఐదు నిమిషాల పని. ఆ అధ్యాయంలో కళ్లమో ముల్లుకర్రో కంటిపాపో వెట్టిమూటో కనిపిస్తే, పిల్లలకు ముందు దాన్ని చూపించండి. అర్థం వాళ్లే చెబుతారు.